నిన్నటి సెర్చ్ పేజీ ఇవాళ దొరకదు

పదేళ్ల కిందటి దినపత్రిక కావాలంటే ఏ గ్రంథాలయంలోనో బైండు చేసి ఉంటుంది. మూతపడ్డ వెబ్‌సైటు కావాలంటే పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో వెతుక్కోవచ్చు. పోయిన మంగళవారం "ఎప్‌సెట్ హాల్ టికెట్" అని కొడితే గూగుల్ ఏం చూపించిందో చెప్పమంటే మాత్రం చెప్పే దిక్కు లేదు. ఏ పేజీలను ముట్టుకోవద్దో బాట్లకు, అంటే వాటంతటవే పేజీలు తెరిచే ప్రోగ్రాములకు, చెప్పే రోబోట్స్ ఫైల్లోనే గూగుల్ సెర్చ్ ఫలితాల దారికి గొళ్లెం పెట్టింది, కాబట్టి ఆర్కైవులు ఆ పేజీలను పద్ధతిగా దాచవు. పైగా అది ముందే వండి పెట్టుకున్న పేజీ కాదు. అడిగిన మనిషి ఊరు, భాష, చేతిలో ఉన్న ఫోను చూసి అప్పటికప్పుడు వడ్డించేది. ఆ రోజు మీరు దాచుకోకపోతే అది ఇక లేనట్టే.

దాచేవాళ్లలో కూడా ఎక్కువమంది దాచేది ఒక అంకె. మన సైటు మొన్న 6లో ఉంది, ఇవాళ 4లో ఉంది, అంతే. నా పేచీ ఆ అంకెతోనే. ర్యాంకు అనేది పేజీలో ఒక చిన్న ముక్క. ఆ ముక్క కదలకుండా దాని చుట్టూ ఉన్న పేజీ మొత్తం మారిపోవచ్చు, మారింది కూడా.

కొన్ని తేదీలు చూడండి. 2015 ఆగస్టు దాకా ఊళ్లో హోటళ్లో ఆస్పత్రులో వెతికితే మ్యాపుతో పాటు ఏడు పేర్లు వచ్చేవి, ఆ నెలలో అవి మూడయ్యాయి. 2016 ఫిబ్రవరిలో డెస్క్‌టాప్‌లో కుడిచేతి వైపు ప్రకటనల వరస తీసేశారు, దానికి బదులు పైన నాలుగు దాకా వచ్చాయి. 2020 జనవరి 22 నుంచి, ఫీచర్డ్ స్నిప్పెట్ పెట్టెలో, అంటే ఒక పేజీలోంచి జవాబు ముక్క తీసి పైన చూపించే పెట్టెలో, కనిపించిన పేజీని అదే మొదటి పేజీలో కింద మళ్లీ చూపించడం ఆపేశారు. సైట్ల ర్యాంకులను రోజూ కొలిచే ప్రోగ్రాములను ట్రాకర్లంటారు. పెట్టెను లెక్కలోకి తీసుకోని ట్రాకర్‌కు ఆ రోజు ఆ పేజీ మాయమైనట్టే, పెట్టెను ఒకటో స్థానంగా లెక్కపెట్టే ట్రాకర్‌కు ఏమీ జరగనట్టే. ఒకే ఘటనకు రెండు కథలు. 2023 ఆగస్టులో, ఫలితం కింద మడతపెట్టిన ప్రశ్నలూ జవాబులూ చూపించే వెసులుబాటును పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేశారు. మిగతా సైట్లు ఉన్న స్థానంలోనే ఉన్నా, తెరమీద ఆక్రమించిన జాగా తగ్గిపోయింది. ఏఐ రాసిన జవాబును ఫలితాల పైన చూపించే పెట్టె, ఏఐ ఓవర్‌వ్యూ, 2024 మేలో అమెరికాలో, అదే ఏడాది ఆగస్టులో మన దేశంలో ఇంగ్లీషు, హిందీల్లో మొదలైంది. దాని కింద ఒకటో ర్యాంకు అంటే ఫోనులో ఒక తెర నిండా కిందికి జరిపాక కనిపించేది.

వీటన్నిటికంటే పాఠం నేర్పింది 2025 సెప్టెంబరు. అంతకుముందు గూగుల్ అడ్రసు చివర ఒక చిన్న ప్యారామీటర్ తగిలించి 100 అని ఇస్తే వంద ఫలితాలు ఒకే పేజీలో వచ్చేవి. ర్యాంక్ ట్రాకర్ల వ్యాపారం దానిమీదే నడిచేది. ఆ నెలలో అది పనిచేయడం మానేసింది. ఒక్క పేజీతో అయ్యే పనికి పది పేజీలు తెరవాల్సి వచ్చి, చాలా ట్రాకర్లు వందో స్థానం దాకా చూడటం తగ్గించుకున్నాయి. విచిత్రం ఏమిటంటే, అదే రోజుల్లో సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే లెక్కల పేజీలో, లెక్కలేనన్ని సైట్లకు డెస్క్‌టాప్ ఇంప్రెషన్లు (ఫలితాల్లో లింకు కనిపించిన సార్లు) పడిపోయి సగటు పొజిషన్ మెరుగైంది. ట్రాకర్ల బాట్లు వంద ఫలితాల పేజీ తెరిచిన ప్రతిసారీ 70లో, 85లో ఉన్న పేజీలకు కూడా ఒక ఇంప్రెషన్ పడేది, ఆ బాట్లు ఆగాక ఆ ఇంప్రెషన్లూ ఆగాయి అన్నది ఎక్కువమంది విశ్లేషకులు ఇచ్చే వివరణ. సైట్లు ఎక్కలేదు, దిగలేదు. కొలబద్ద మారింది. మీ గ్రాఫు 2025 సెప్టెంబరును దాటి వెళ్తుంటే అక్కడ ఒక నిలువు గీత గీసి, గీతకు అటు ఇటు ఉన్న సగటులను ఎప్పుడూ పోల్చకండి.

ఏ ప్రశ్నలు ఎంచుకోవాలి

పేజీలను దాచి పోల్చుకోవాలంటే ముందు సెర్చ్ పెట్టెలో ఏం కొట్టాలో ఎంచుకోవాలి. అలా కొట్టే మాటలను ప్రశ్నలు అందాం. ముప్పై చాలు. మూడు వందలు పెట్టుకుంటే రెండో వారానికే చూడటం మానేస్తారు. ఆ ముప్పైలో ఇరవై మీకు పనికొచ్చేవి, ఐదు మీ రంగంలోనివే అయినా మీ సైటు అసలు కనిపించనివి, ఐదు మీకు ఏ సంబంధమూ లేనివి. "తెలుగు గుణింతాలు", "హైదరాబాద్ నుంచి విజయవాడ దూరం" లాంటివన్నమాట. ఈ చివరి ఐదూ తూకపు రాళ్లు. మీ ఇరవై కదిలిన రోజే ఇవీ కదిలితే, కదిలింది గూగుల్. ఇవి నిలకడగా ఉండి మీవే కదిలితే అప్పుడు మీ సైటునో మీ పోటీదారునో చూడాలి. ఈ ఐదూ లేకుండా చేసే ట్రాకింగ్‌లో ప్రతి కదలికకూ మన తప్పో మన గొప్పో కారణంగా కనిపిస్తుంది.

తెలుగులో వెతికేవాళ్ల సంగతి వచ్చేసరికి ఒక అవసరానికి కనీసం మూడు రూపాలుంటాయి: "పదో తరగతి ఫలితాలు" అని తెలుగు లిపిలో, అవే తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, "టెన్త్ రిజల్ట్స్" అని పూర్తి ఇంగ్లీషులో. మూడింటికీ వచ్చే పేజీలు వేరు వేరు, మారే తీరూ వేరు. వీటిని ఒకే ప్రశ్నగా కలిపి సగటు తీయడం దండగ. యాస తేడా కూడా ఉంది. "వేరుశనగ ధర" అని వెతికే మనిషి, "పల్లీ ధర" అని వెతికే మనిషి అడిగేది ఒకటే అయినా చూసేది ఒకే పేజీ కాదు.

ప్రశ్న అలాగే ఉండి దాని అర్థం కదిలిపోవడం ఇంకో తలనొప్పి. ఎంసెట్ ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఈఏపీసెట్ అయింది, తెలంగాణలో 2024లో ఎప్‌సెట్ అయింది. జనం ఇప్పటికీ ఎంసెట్ అనే కొడతారు. కాబట్టి పాత పేరు తీసేయకుండా కొత్త పేరును వేరే ప్రశ్నగా చేర్చుకోవాలి, చేర్చిన తేదీ రాసుకోవాలి. తెలంగాణ సంక్షిప్త నామం టీఎస్ నుంచి టీజీకి మారినప్పుడు కొన్ని ప్రభుత్వ సైట్ల అడ్రసులూ మారాయి. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది. అడ్రసును అడ్రసుగానే పోల్చే ట్రాకర్‌కు ఇది పాత సైటు కూలిపోయి కొత్త సైటు ఒక్క రాత్రిలో పైకి లేచినట్టు కనిపిస్తుంది. పాత అడ్రసు, కొత్త అడ్రసు, మారిన తేదీ అని మూడు గడుల చిన్న పట్టిక పక్కన పెట్టుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

పేజీని దాచే పద్ధతి

ముందు ఒక మాట. గూగుల్ ఫలితాలను ప్రోగ్రాముతో లాగడం దాని నిబంధనలకు విరుద్ధం. అలా లాగి అమ్ముతోందని సెర్ప్‌ఏపీఐ అనే సంస్థ మీద గూగుల్ 2025 డిసెంబరులో దావా వేసింది. బింగ్ వైపు చూద్దామంటే మైక్రోసాఫ్ట్ తన సెర్చ్ ఏపీఐలను, అంటే ప్రోగ్రాములు నేరుగా ఫలితాలు అడిగి తీసుకునే దారులను, 2025 ఆగస్టు 11న మూసేసింది. ముప్పై ప్రశ్నలకు ఇదంతా అక్కర్లేదు. చేత్తోనే అవుతుంది. వారానికి రెండు రోజులు, అనుకుందాం మంగళవారం, శుక్రవారం, ఉదయం ఒకే వేళకు, ప్రతి ప్రశ్ననూ ఒకసారి డెస్క్‌టాప్‌గా, ఒకసారి మొబైల్‌గా. అరవై పేజీలు, పేజీకి నిమిషం చొప్పున గంట పని.

క్రోమ్ బ్రౌజర్‌లో ఇందుకోసం వేరే ప్రొఫైల్ పెట్టి, ఏ ఖాతాలోకీ లాగిన్ కాకుండా, ప్రతిసారీ కొత్త ఇన్‌కాగ్నిటో విండో తెరవండి. ఇన్‌కాగ్నిటో మీ చరిత్రను దాస్తుంది తప్ప మీ ఊరిని దాచదు. గూగుల్ అడ్రసులో దేశానికి జీఎల్, తెరమీది భాషకు హెచ్‌ఎల్, వ్యక్తిగత మార్పులు ఆపడానికి పీడబ్ల్యూఎస్ అని మూడు ప్యారామీటర్లున్నాయి. మూడింటినీ ప్రతిసారీ ఒకేలా ఇవ్వాలి: దేశానికి ఐఎన్, భాషకు టీఈ, మూడోదానికి సున్నా. ఇక్కడ అందరూ చేసే పొరపాటు హెచ్‌ఎల్ పెడితే తెలుగు ఫలితాలే వస్తాయనుకోవడం. అది బటన్ల, మెనూల భాష. ఫలితాలను ఒక భాషకు కట్టేసే ప్యారామీటర్ ఎల్ఆర్. మామూలు జనం అది వాడరు కాబట్టి ట్రాకింగ్‌లోనూ వాడకపోవడమే మంచిది.

ఊరి సంగతి మొండిది. మొబైల్ డేటా మీద ఉంటే విశాఖలో కూర్చున్నా గూగుల్‌కు మీరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు కనిపించవచ్చు, ఎందుకంటే ఐపీ అడ్రసు టెలికాం కంపెనీ గేటు ఎక్కడుందో చెబుతుంది. పేజీ అట్టడుగున గూగుల్ తాను ఏ ఊరనుకుందో రాసి ఉంటుంది. దాన్ని ప్రతి పేజీకీ నోట్ చేయండి. ఈ ఒక్క గడి లేనందువల్లే చాలా పాత డేటా చెత్తబుట్టకు పోతుంది. ఊరిని బలవంతంగా మార్చాలంటే యూయూఎల్ఈ అనే ప్యారామీటర్ ఉంది. గూగుల్ యాడ్స్ ఇచ్చే ఊళ్ల జాబితాలోని పేరును ఎన్‌కోడ్ చేసి అందులో పెడతారు. పేరు ఒక్క అక్షరం తప్పినా అది ఎర్రర్ ఇవ్వదు, నోరు మూసుకుని మీ ఐపీ ఊరికే పోతుంది. కాబట్టి అది వాడినా అడుగున ఉన్న ఊరి పేరు చూడక తప్పదు.

మొబైల్ రూపం కోసం ఎఫ్12 నొక్కి, కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కితే డివైస్ మోడ్ వస్తుంది. వచ్చాక పేజీని రీలోడ్ చేయాలి. చేయకపోతే డెస్క్‌టాప్ పేజీయే సన్నగా నలిగి కనిపిస్తుంది, అది మొబైల్ పేజీ కాదు. వెడల్పు ఒకసారి 412 పిక్సెల్స్ అనుకుంటే ఎప్పటికీ 412. డెస్క్‌టాప్‌కు 1366.

దాచేది రెండు రూపాల్లో. మొదటిది బొమ్మ: ఎఫ్12 తెరిచి ఉండగా కంట్రోల్, షిఫ్ట్, పీ నొక్కి, స్క్రీన్‌షాట్ అని టైప్ చేసి, ఫుల్ సైజ్ అన్నది ఎంచుకుంటే పైనుంచి కింది దాకా మొత్తం పేజీ వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో కుడి క్లిక్ చేస్తే చాలు. రెండోది సింగిల్‌ఫైల్ అనే ఎక్స్‌టెన్షన్‌తో పేజీ మొత్తాన్ని ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా. బొమ్మ కంటికి, హెచ్‌టీఎంఎల్ లెక్కకు. ఒకటే చేయగలిగితే హెచ్‌టీఎంఎల్ చేయండి. రేపు మీకు కొత్త ప్రశ్న తట్టినప్పుడు, ఫలానా వీడియో పెట్టె ఎప్పటి నుంచి వస్తోంది అన్నట్టు, పాత ఫైళ్లలో వెతికి జవాబు తీయగలిగేది దాన్నుంచే.

దాచే ముందు ఏఐ ఓవర్‌వ్యూ పూర్తిగా లోడ్ అయ్యేదాకా ఆగాలి, అది మిగతా పేజీ వచ్చిన రెండు మూడు సెకన్లకు వస్తుంది. ముందు విప్పకుండా బొమ్మ తీసి, తర్వాత ఓవర్‌వ్యూను విప్పి హెచ్‌టీఎంఎల్ దాచండి, అందులో చూపిన లింకులన్నీ ఫైల్లోకి వస్తాయి. అయితే "ఇవి కూడా అడుగుతారు" పెట్టెను ముట్టుకోవద్దు. ఒక ప్రశ్న విప్పితే కింద ఇంకొన్ని మొలుస్తాయి, మీరు దాచేది గూగుల్ ఇచ్చిన పేజీ కాకుండా మీరు గెలికిన పేజీ అవుతుంది.

ఫైలు పేరు: తేదీ ఏడాదితో మొదలుపెట్టి, తర్వాత వేళ, ప్రశ్న నంబరు, ఊరు, పరికరం. ప్రశ్నను తెలుగులో ఫైలు పేరుగా పెట్టకండి. ఒకచోట నుంచి ఇంకోచోటికి పంపేటప్పుడు ఒక్కో తెలుగు అక్షరచిహ్నం తొమ్మిది అక్షరాల శాతం గుర్తుల కోడుగా మారి, విండోస్ పెట్టే 260 అక్షరాల హద్దు దాటిపోతుంది.

ఎంత కదిలితే కదిలినట్టు

ఇక్కడ తొందరపడే వాళ్లే ఎక్కువ. మార్పును కొలిచే ముందు మార్పు లేనప్పుడు ఎంత ఊగుతుందో కొలవాలి. ఒకే ప్రశ్నను ఒక గంటలో పది సార్లు, పది కొత్త విండోల్లో తెరిచి దాచండి. ఆ గంటలో ప్రపంచంలో ఏమీ మారలేదు, అయినా పది పేజీలూ ఒకేలా ఉండవు. వేర్వేరు డేటా సెంటర్లు, గూగుల్ ఎప్పుడూ నడిపే ప్రయోగాలు, ఇంకా సర్దుకుంటున్న గూగుల్ సూచిక (ఇండెక్స్), ఇవన్నీ కారణాలే. ఆ ఊపే మీ ప్రశ్నకు సహజమైన చప్పుడు. వార్తల వాసన ఉన్న ప్రశ్నకు అది ఎక్కువ, "గుణింతాలు" లాంటి దానికి తక్కువ. అందుకే ముప్పైకీ విడివిడిగా కొలవాలి, ఒక్కోటి ఒక్కో రోజు చేసుకుంటే నెలలో అయిపోతుంది.

పోలికకు తేలిక లెక్క జకార్డ్. రెండు రోజుల జాబితాల్లో ఉమ్మడిగా ఉన్నవాటిని, మొత్తం వేర్వేరు అడ్రసుల సంఖ్యతో భాగించాలి. నిన్న పది, ఇవాళ పది, అందులో ఎనిమిది అవే అయితే వేర్వేరు అడ్రసులు పన్నెండు, కాబట్టి 8 బై 12, అంటే 0.67. ఈ 0.67 చూసి మూడో వంతు పేజీ ఎగిరిపోయిందని కంగారు పడతారు. మారింది రెండే లింకులు. పైగా ఆ రెండూ 9, 10 స్థానాల్లో మారినా, 1, 2 స్థానాల్లో మారినా జకార్డ్‌కు తేడా తెలియదు, చూసే మనిషికి మాత్రం అది భూమ్యాకాశాల తేడా.

ఆ లోటు తీర్చేది ర్యాంక్ బయాస్డ్ ఓవర్‌ల్యాప్, ఆర్‌బీఓ అంటారు. వెబర్, మొఫాట్, జోబెల్ 2010లో ప్రచురించిన కొలత. పై స్థానాలకు ఎక్కువ బరువు, కిందికి పోయేకొద్దీ తక్కువ. అందులో పీ అనే ఒక సంఖ్యను మనం ఎంచుకోవాలి. 0.9 ఇస్తే మొత్తం బరువులో 86 శాతం దాకా మొదటి పది స్థానాలకే పడుతుంది, మొదటి పేజీని చూసే పనికి ఇది సరిపోతుంది. జాబితాల పొడవు సమానం కాకపోయినా ఇది పనిచేస్తుంది. మొదటి పేజీలో ఒక రోజు పది మామూలు ఫలితాలు, ఇంకో రోజు ఎనిమిదే వస్తున్న ఈ కాలంలో అది చిన్న సౌకర్యం కాదు.

ఇప్పుడు నియమం పెట్టుకోవచ్చు. ఆ పది సార్లలో పేజీల మధ్య అతి తక్కువ ఆర్‌బీఓ 0.82 వచ్చిందనుకోండి. రేపు 0.85 కనిపిస్తే అది మార్పు కాదు, చప్పుడే. 0.6 వచ్చినా ఒక్క రోజుకే నమ్మకండి. వరుసగా మూడు సార్లు దాచిన పేజీలు పాతదానికి దూరంగా, తమలో తాము దగ్గరగా ఉంటేనే పేజీ కొత్త చోట స్థిరపడిందని రాసుకోండి. పాతదానికీ దూరంగా, ఒకదానికొకటీ దూరంగా ఉంటే ఇంకా కుదుటపడలేదన్నమాట, కారణాలు వెతకడం అప్పుడే మొదలుపెడితే తప్పుడు కారణం దొరుకుతుంది.

పట్టిక

ప్రతి ఫలితానికి ఒక వరస. తేదీ, వేళ, ప్రశ్న నంబరు, పేజీ అడుగున కనిపించిన ఊరు, పరికరం, ఫలితం రకం, అడ్రసు, శీర్షిక. స్థానానికి ఒక గడి చాలదు, రెండు కావాలి: పైనుంచి లెక్కపెడితే ఎన్నో పెట్టె, మామూలు లింకుల్లో ఎన్నో లింకు. మొదటిది 5, రెండోది 1 అయిన పేజీని "మొదటి ర్యాంకు" అనడమే ఈ రంగంలో సగం అబద్ధాలకు మూలం.

మూడో కొలత పిక్సెల్ లోతు: మొదటి మామూలు లింకు పేజీ పైఅంచు నుంచి ఎన్ని పిక్సెల్స్ కింద ఉంది? దాచిన బొమ్మను పెయింట్‌లో తెరిచి ఆ శీర్షిక మీద మౌసు పెడితే కింద ఎడమ మూలలో అంకె వస్తుంది, రెండో అంకె లోతు. మీ విండోస్ తెర 125 శాతం స్కేలింగ్‌లో ఉంటే వచ్చిన అంకెను 1.25తో భాగించాలి. లేదంటే ల్యాప్‌టాప్ మార్చిన రోజు గూగుల్ పేజీ పావు వంతు పొడుగైనట్టు కనిపిస్తుంది. ఏడాది పొడవునా ఒకే ఒక్క కొలత తీయమంటే నేను తీసేది ఇదే. ర్యాంకు నిలకడగా ఉన్నా క్లిక్కులు ఎందుకు పడిపోయాయన్న ప్రశ్నకు సగం సార్లు జవాబు ఇక్కడే ఉంటుంది.

స్థితి అని ఇంకో గడి పెట్టండి. దాచడం కుదిరింది, క్యాప్చా అడిగింది, పేజీ సగమే వచ్చింది, మన లింకు లేదు. ఈ నాలుగూ వేర్వేరు. లింకు కనిపించనప్పుడు 101 అని వేసి సగటులో కలపడం పాత అలవాటు, అది మానుకోవాలి. లేనిదానికి అంకె ఇస్తే అది సగటును ఇష్టమొచ్చినట్టు లాగుతుంది.

దాచిన ఫైళ్ల నుంచి లింకులను స్క్రిప్టుతో తీస్తుంటే హెచ్‌టీఎంఎల్‌లో ఒక్కో ముక్కకు తగిలించే క్లాసు పేర్లను నమ్ముకోవద్దు. గూగుల్ పేజీలో అవి అర్థంలేని అక్షరాల గుంపులు, చెప్పాపెట్టకుండా మారతాయి. లింకు లోపల మూడో స్థాయి శీర్షిక (హెచ్3) ఉన్నవాటిని పట్టుకోవడం ఎక్కువ కాలం నిలుస్తుంది. అదీ ఒకరోజు విరుగుతుంది, హెచ్‌టీఎంఎల్ చేతిలో ఉంది కనుక స్క్రిప్టు బాగుచేసుకుని వెనక్కి వెళ్లి మళ్లీ తీసుకోవచ్చు. స్క్రిప్టు ఎన్నో రూపంతో తీశామో వరసలో రాసి ఉంచాలి.

అడ్రసులను పోల్చే ముందు కడగాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా లేకున్నా, చివర ఏటవాలు గీత (స్లాష్) ఉన్నా లేకున్నా ఒకటే. క్లిక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి అడ్రసు చివర తగిలించే యూటీఎం తోకలు కోసేయాలి. అమ్మకాల సైట్ల అడ్రసులకు గూగుల్ తగిలించే ఎస్ఆర్ఎస్ఎల్‌టీఐడీ తోకనూ కోసేయాలి, ఎందుకంటే దాని విలువ మారినప్పుడల్లా మీ లెక్కలో కొత్త పేజీ పుడుతుంది. స్నిప్పెట్ నుంచి వచ్చే లింకుల చివర, పేజీలో ఫలానా వాక్యం దగ్గరకు దూకించే హ్యాష్ ముక్క ఉంటుంది, అదీ అంతే.

తెలుగుకు ప్రత్యేకమైన మురికి ఇంకా ఉంది. "ఇన్‌స్టాగ్రామ్" లాంటి మాటల్లో పొల్లును విడిగా ఉంచడానికి కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. ఒక కీబోర్డు అది పెడుతుంది, ఇంకోటి పెట్టదు. కంటికి ఒకటే మాట, కంప్యూటర్‌కు రెండు. ఐత్వం గుర్తు కూడా యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ ఉండొచ్చు. కాబట్టి శీర్షికలను పోల్చే ముందు అన్నింటినీ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి, అంటే ఒకే అక్షరాన్ని ఎప్పుడూ ఒకేలా రాసే యూనికోడ్ పద్ధతిలోకి, మార్చి, కనపడని గుర్తును పోలిక కోసం తీసేయాలి. అసలు పాఠంలో మాత్రం ఉండనివ్వాలి. అడ్రసుల్లో తెలుగు ఉంటే శాతం గుర్తుల కోడును విప్పి దాచాలి. ఇక పట్టికను కామాలతో దాచే సీఎస్‌వీ ఫైలును నేరుగా డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా గజిబిజి గీతలవుతుంది, ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పే బీఓఎం గుర్తు మొదట్లో లేకపోవడమే కారణం. డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది. గజిబిజిగా కనిపిస్తున్నప్పుడు పొరపాటున సేవ్ చేశారో, అది శాశ్వతం.

సెర్చ్ కన్సోల్ ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

మీ సొంత సైటుకైతే ఇది రెండో కన్ను. మీరు దాచింది ఒక ఊళ్లో ఒక వేళ కనిపించిన పేజీ, కన్సోల్ చెప్పేది వెతికిన జనమందరికీ కనిపించినదాని సగటు. పాత లెక్క 16 నెలలు మాత్రమే ఉంటుంది. తెరమీద నుంచి దింపుకుంటే వెయ్యి వరసలు, ఏపీఐ ద్వారా ఒక సైటుకు, ఒక్కో సెర్చ్ రకానికి రోజుకు 50 వేల వరసల దాకా. 2023 ఫిబ్రవరి నుంచి గూగుల్ వారి డేటా నిల్వ సేవ బిగ్‌క్వెరీకి రోజూ పంపే ఏర్పాటు ఉంది. కానీ అది మీరు మొదలుపెట్టిన రోజు నుంచే పంపుతుంది, వెనకటిది పంపదు. పని ఉన్నా లేకున్నా ఇవాళే ఆన్ చేసి పెట్టుకోవాల్సిన మీట అది.

అందులోని రోజు మన రోజు కాదు, అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం. కాలాన్ని బట్టి మనకంటే పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు వెనక. ఫలితాల విడుదల మన ఉదయం పదకొండుకు అయితే ఆ రద్దీ కన్సోల్‌లో ముందు రోజు ఖాతాలోకి పోతుంది. తేదీలు సరిపోలడం లేదని తల పట్టుకునేవాళ్లకు చాలాసార్లు జబ్బు ఇదే.

సగటు పొజిషన్ చేసే మోసం ఒక లెక్కతో చూడండి. ఒక పేజీ ఒక ప్రశ్నకు 3వ స్థానంలో వెయ్యి ఇంప్రెషన్లతో ఉంది. సగటు 3. వచ్చే నెల అదే పేజీ ఇంకో కొత్త ప్రశ్నకు 40వ స్థానంలో 500 ఇంప్రెషన్లు తెచ్చుకుంది. మూడు వేలకు ఇరవై వేలు కలిపి 1,500తో భాగిస్తే సగటు 15.3. పేజీ ఎదిగింది, గ్రాఫు పాతాళానికి పడింది. అందుకే సగటును ఎప్పుడూ ఒక్క ప్రశ్నకు, ఒక్క దేశానికి, ఒక్క పరికరానికి విడగొట్టి చూడాలి. ఏఐ ఓవర్‌వ్యూలో చూపిన లింకులన్నిటికీ కన్సోల్ ఒకే పొజిషన్ ఇస్తుంది, అంటే ఆ పెట్టెకున్న స్థానం. పెట్టె పైన ఉంటే అందులో అట్టడుగు లింకుకూ 1 పడుతుంది. 1 వచ్చిందని పండగ చేసుకునే ముందు మీరు దాచిన బొమ్మ తెరిచి చూడండి. అరుదుగా అడిగే ప్రశ్నలను గోప్యత పేరుతో కన్సోల్ చూపించదు, కాబట్టి ప్రశ్నలవారీ మొత్తం ఎప్పుడూ పైన చూపే మొత్తం కంటే తక్కువే.

తేదీల చిట్టా

పట్టిక పక్కన ఒక సాదా చిట్టా నడపండి. మన సైటులో చేసిన మార్పులు, పరీక్షల ఫలితాల రోజులు, పండగలు, గూగుల్ ప్రకటించిన అప్‌డేట్లు. చివరివి గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో మొదలు, ముగింపు తేదీలతో ఉంటాయి. ఇవి ఒక్క రోజులో అయ్యేవి కావు. ఫలితాల వరసను నిర్ణయించే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పును కోర్ అప్‌డేట్ అంటారు. 2024 మార్చి కోర్ అప్‌డేట్ మార్చి 5న మొదలై ఏప్రిల్ 19న ముగిసింది, నెలన్నర. మధ్యలో ఎక్కిన సైటు చివరికి దిగొచ్చు. అప్‌డేట్ ముగిశాక కనీసం ఒక వారం ఆగి, ఆ వారాన్ని అప్‌డేట్ మొదలవక ముందు వారంతో పోల్చమని గూగుల్ చెబుతుంది. ఈ విషయంలో దాని మాట వినొచ్చు.

మాజ్‌కాస్ట్ లాంటి వాతావరణ సూచికలు రోజూ గూగుల్ ఉష్ణోగ్రత చెబుతాయి. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ అంటే మామూలు రోజు, వేడి పెరిగితే కదలిక ఎక్కువ. చూడటానికి సరదాగా ఉంటుంది. అయితే అది కొలిచేది అమెరికా ఇంగ్లీషు ప్రశ్నలను. అక్కడ తుపాను వచ్చిన రోజు తెలుగు ప్రశ్నలు చెక్కుచెదరకపోవచ్చు, ఇక్కడ ఊగిన రోజు అక్కడ ఎండ కాయొచ్చు. తెలుగుకు నమ్మదగ్గ వాతావరణ కేంద్రం మీ ఐదు తూకపు రాళ్లే.

ఏఐ ఓవర్‌వ్యూను కొలిచేటప్పుడు ర్యాంకు ఆలోచన పక్కన పెట్టాలి. అందులోని వాక్యాలూ లింకులూ గంట తేడాలో మారిపోతాయి. అడగాల్సినవి వేరు: ఈ నెల దాచిన ఎనిమిది సార్లలో ఎన్నిసార్లు ఆ పెట్టె వచ్చింది? వచ్చినప్పుడు ఏ సైట్లు ఎన్నిసార్లు కనిపించాయి? ఎనిమిదిలో ఆరుసార్లు కనిపించిన సైటు ఉందంటే అది సమాచారం. ఒకసారి కనిపించినది యాదృచ్ఛికం. తెలుగు లిపిలో అడిగినప్పుడు పెట్టె వస్తోందా, ఇంగ్లీషులో అడిగితేనే వస్తోందా అన్నది విడిగా లెక్క పెట్టండి, ఒకే అవసరానికి రెండు రూపాలను పక్కపక్కన దాచింది ఇందుకే.

జాగా గురించి బెంగ వద్దు. వారానికి 120 పేజీలు, ఏడాదికి 6,240. ఒక్కో హెచ్‌టీఎంఎల్ సగటున 2 ఎంబీ వేసుకున్నా పన్నెండున్నర జీబీ, జిప్ చేస్తే ఇంకా తగ్గుతుంది. బొమ్మలే ఎక్కువ తింటాయి. ఏడాది దాటాక ప్రతి ప్రశ్నకూ నెలకు ఒక్క బొమ్మ ఉంచి మిగతావి చెరిపేయవచ్చు, హెచ్‌టీఎంఎల్ మాత్రం ఒక్కటీ చెరపకండి. రెండో ప్రతి వేరే డిస్కులో ఉండాలి, నెలకోసారి అందులోంచి ఏదో ఒక పాత ఫైలు తెరిచి తెలుగు సరిగా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి.